అమీన్ సయానీగారి జీవితము – మన విద్యానిధి
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)

అధ్యక్ష మహాశయా! సోదరీమణులారా! సోదరులారా!

మన సభలలో సోదరులను ముందును, సోదరీమణులను పిమ్మటను సంబోధించుట వాడుక. నేడు నేనా క్రమమును మార్చితిని. “బెహనో ఔర్ భాయియో” యని సోదరీమణులనే ముందు పలుకరించి, నలువది యేండ్లకు పైగా దేశమంతట వినబడిన యొక కంఠమునుండి దీనిని నేర్చితిని. ఆ కంఠము అమీన్ సయానీగారిది.

నా బాల్యమున మా యూరికంతకు నొకటే రేడియో. బుధవారము రాత్రి సిలోను కేంద్రము పట్టుబడగానే ముప్పదిమంది ఆ యరుగు చుట్టును జేరెడివారు. వారిలో హిందీ తెలిసినవారు నలుగురైన నుండరు. అయినను ఆయన పలుకు తమతోనే యని యందరును తలచెడివారు. ఆ పలుకువాని కులమెయ్యది, మతమెయ్యది యని అడిగినవాడు లేడు.

సయానీగారు 1932వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన బొంబాయిలో జన్మించిరి. తల్లి కుల్సుమ్ సయానీగారు వయోజన విద్యకై పాటుపడిన విదుషి. గాంధీ మహాత్ముని ప్రోత్సాహముతో 1940లో “రహబర్” అను పత్రికను స్థాపించి, నాగరి, ఉర్దూ, గుజరాతీ లిపులు మూటను నడపిరి. క్రొత్తగా అక్షరములు నేర్చినవారికి గూడ తెలియునట్టి సులభమైన భాష దానిది. ఆ పత్రిక పనిలో బాలుడైన అమీన్ తల్లికి తోడ్పడెను. వినువాని మనస్సున కందని మాట వ్యర్థమను పాఠమును ఆయన ఆ యింటనే నేర్చెను.

అన్న హమీద్ సయానీ యాంగ్ల ప్రసారములలో పేరొందినవాడు. ఆయన చేయిపట్టి యీయన చిన్ననాడే బొంబాయి రేడియో కేంద్రమున నడుగిడెను. కాని హిందీ ప్రసారకుడగుటకు పరీక్షకు పోగా, ఉచ్చారణలో గుజరాతీ, ఇంగ్లీషుల ఛాయ మెండుగా నున్నదని త్రోసివేసిరి. పుట్టిన యింటి యాసయే యాతని కడ్డయ్యెను! అందులకాతడు క్రుంగలేదు. సిలోను రేడియో కొఱకు బొంబాయిలోనే హిందీ కార్యక్రమములు ముద్రించుచోట చేరి, అనుభవజ్ఞుల పలుకుబడిని శ్రద్ధతో విని, తన నాలుకను దిద్దుకొనెను.

1952లో కేంద్రప్రభుత్వ మంత్రి బి. వి. కేస్కర్‌గారి కాలమున ఆకాశవాణిలో సినిమాపాటల కాదరము తగ్గెను. వానిని గోరువారు సిలోను వైపు మరలిరి. ఆ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన “బినాకా గీత్‌మాలా” ఆరంభమయ్యెను. వారమునకు 25 రూపాయల ప్రతిఫలమునకు పెద్దలెవ్వరును ముందునకు రాకపోగా, ఆ పని యీ యువకునకు దక్కెను. తొలి కార్యక్రమమునకే 9,000 ఉత్తరములు వచ్చెనట! 1989లో ఆ కార్యక్రమము వివిధభారతికి మారి, 1994 వఱకు సాగెను. 2009లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదము నొసగెను. 2024వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన, తొంబదియొకటి యేండ్ల వయస్సున, ఆ కంఠము మూగవోయెను.

ఇట్టి మహనీయుని వలనను నొక పొరపాటు జరిగెను. 1960 దశాబ్ది చివర నొక సన్నని పొడగరి యువకుడు గొంతు పరీక్ష కోరి పలుమార్లు వారి స్థానమునకు వచ్చెను. ముందుగా సమయము కోరలేదను కారణమున, పని యొత్తిడిలో నున్న సయానీగారు వానిని చూడకయే పంపివేసిరి. ఆ యువకుడే అమితాబ్ బచ్చన్. పిమ్మట సయానీగారు దీనిని దాచుకొనక, విచారముతోను హాస్యముతోను తామే చెప్పుచుండెడివారు. తాము త్రోసివేయబడినవారే మఱియొకనిని వినకుండ పంపిరి!

మహాజనులారా! ఈ కథ నే నేల చెప్పుచున్నాను? నిరుడు మన విద్యానిధి వేతనముల యెంపిక సంఘమున నేనును సభ్యుడను. ఒక కూలివాని కుమార్తె మంచి మార్కులతో వచ్చెను. ఇంగ్లీషున అడిగిన ప్రశ్నకు తన పల్లె యాసలో తెలుగున బదులు చెప్పెను. ప్రక్కవారు నవ్విరి. “ఈమెకు మాటాడుట రాదు” అని కాగితముపై వ్రాసినవాడను నేనే. మొన్న విచారింపగా, ఆమె చదువు మాని పట్టణమున నొక బట్టల దుకాణములో పనిచేయుచున్నదని తెలిసినది. బచ్చన్‌గారికి వేఱొక ద్వారము తెఱచుకొనెను. ఈ బాలికకు మన ద్వారమొక్కటే యుండెను.

కావున మీకు మూడు విన్నపములు. ఆ బాలికను మరల పిలిపించి, ఆమె చెప్పునది తుదివఱకు వినుడు. ఇకమీదట ఏ విద్యార్థినైనను తన యాసలో మాటాడనిచ్చి, విషయమునే తూచుడు. మన వసతిగృహమున వారమున కొకసారి చదువుట, పలుకుట నేర్పు తరగతి పెట్టుడు. యాసను వెక్కిరించుటకు గాదు, నలుగురిలో జంకు తీర్చుటకు. ఆ తరగతిలో ఇరుగుపొరుగు కులముల పిల్లలను గూడ కూర్చుండనిండు. మనలో మనమే మాటాడుకొన్నచో ఎల్లవారికిని తెలియునట్లు పలుకుట యెన్నటికిని అలవడదు.

కులసంఘ వేదికపై నిలిచి యీ మాట లనుట కొందఱికి వింతగా తోచవచ్చును. మన పెద్దలు ఈ నిధిని నెలకొల్పినది మన బిడ్డల గొంతు లోకమున వినబడుటకే గదా! నా తప్పును మీ యెదుట నొప్పుకొంటిని. దానిని దిద్దు భారము మనయందఱిది.