తలుపు దగ్గర నిలబడ్డ పిల్లాడు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మా హాస్టల్లో చదివి ఇవాళ ఇంతవాళ్లయిన పిల్లలూ, మిమ్మల్ని చూస్తే మాకు కడుపు నిండిపోయింది. మన ఆటపాటల గురించి ఇప్పటిదాకా చాలామంది మాట్లాడారు. మేము రెండు బొమ్మల గురించి చెబుతాం. అవి మనవి కావు, రష్యావి.

నికొలాయ్ బొగ్దానోవ్-బెల్‌స్కీ 1868లో స్మొలెన్స్క్ ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టాడు. తల్లి పేద కూలి మనిషి. తండ్రి పేరు దక్కని బిడ్డ. బొగ్దాన్ అంటే దేవుడిచ్చినవాడని అర్థం. అదే ఇంటిపేరయింది. రచిన్‌స్కీ అనే ఆయన మాస్కో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే కొలువు వదిలి, తతేవో అనే సొంతూళ్లో రైతుబిడ్డలకు బడి పెట్టాడు. ఈ పిల్లాడు చదివింది అక్కడే.

1895లో ఆ బడినే బొమ్మ వేశాడు. నల్లబల్ల మీద ఒక లెక్క ఉంటుంది. 10 నుంచి 14 వరకు అంకెల వర్గాలు కూడి, 365తో భాగించాలి. అదీ నోటిలెక్క! మొదటి మూడు వర్గాలు కలిపితే 365, తర్వాతి రెండు కలిపినా 365. జవాబు 2. బల్ల చుట్టూ పల్లెటూరి పిల్లలు. ఒకడు గురువు చెవిలో జవాబు చెబుతున్నాడు, ముందున్నవాడు చిరిగిన చొక్కాతో గడ్డం పట్టుకుని ఆలోచిస్తున్నాడు. మనల్ని బొమ్మ వెయ్యమంటే బయటివాళ్లు థింసా వేస్తారు, లేకపోతే చింపిరి జుట్టు వేస్తారు. ఆలోచిస్తున్న ముఖం వేసినవాళ్లు మాకు పెద్దగా కనపడలేదు.

రెండోది 1897 నాటిది. చినిగిన బట్టలు, భుజాన సంచి, చేతిలో కర్ర, బడి గుమ్మంలో ఒక పిల్లాడు. వీపు మనవైపు. ముఖం కనపడదు. లోపల పిల్లలు చదువుకుంటున్నారు.

ఈ బొమ్మ చూసినప్పుడల్లా మాకు తలవంపులే. కొన్నేళ్ల కిందట ఒక జూన్‌లో, వానలో నడిచొచ్చిన ఒక పిల్లాడు మా ఆఫీసు గుమ్మంలో ఇలాగే నిలబడ్డాడు. టీసీ లేదు, ఆధార్ లేదు. తెచ్చుకుని రమ్మన్నాం. రూలు ప్రకారమే చెప్పామని అనుకున్నాం. కనీసం అన్నం తిని వెళ్లమనలేదు. వాడు మళ్లీ రాలేదు. ఏ ఊరో కూడా రాసుకోలేదు మేము.

ఆ రష్యా పిల్లాడి బొమ్మ ప్రింటు తీయించి, మా కుర్చీకి ఎదురుగా, తలుపు పక్కన పెట్టుకున్నాం. వచ్చే జూన్‌లో మీ గూడెం నుంచి కాగితాలు లేని పిల్లాడు బయల్దేరితే, వాడితోపాటు మీలో ఒకరు రండి. ముందు అన్నం పెడతాం. టీసీ సంగతి కూర్చుని చూద్దాం.