పరుగెత్తి తెచ్చే చందా: ఎవరి షరతుల మీద?

(చిన్న మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మారథాన్ పరుగుల ద్వారా నిధుల సేకరణ గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు ముందు నవ్వొచ్చింది. మనం ఏళ్ల తరబడి పరుగెత్తుతూనే ఉన్నాం కదా, పోలీసు స్టేషన్‌కీ, ఆస్పత్రికీ, కోర్టుకీ! ఆ పరుగుకి ఎవరూ పైసా ఇవ్వలేదు. కానీ ప్రాజెక్టు డబ్బు ఆగిపోయి, మా ఆశ్రయ గృహానికి మూడు నెలలు అద్దె కట్టలేక, ఇంటి యజమాని తాళం వేస్తానన్న రోజు నుంచీ నాకిది నవ్వులాట కాకుండా పోయింది. అందుకే తెలుసుకున్నదీ, చేసిన పొరపాట్లూ రెండూ చెప్తాను.

కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడుండేవాడు. ఎముక కేన్సర్ వల్ల 1977లో అతని కుడికాలిని మోకాలి పైదాకా తీసేశారు. 1980 ఏప్రిల్ 12న, 21 ఏళ్ల వయసులో, కృత్రిమ కాలుతో దేశపు తూర్పు చివర ఉన్న సెయింట్ జాన్స్ నుంచి బయల్దేరి రోజుకు దాదాపు 42 కిలోమీటర్లు, అంటే రోజుకొక మారథాన్, పరుగెత్తాడు. అడిగిందల్లా కేన్సర్ పరిశోధన కోసం మనిషికొక్క డాలరు. మొదట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వచ్చాక కేన్సర్ ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు. 1981 జూన్‌లో చనిపోయాడు. అప్పటికే 2 కోట్ల 40 లక్షల డాలర్లు పోగయ్యాయి. అంటే దేశంలో తలకొక డాలరు వచ్చినట్టే. తన పరుగుని ఏ కంపెనీ లాభానికీ వాడుకోనివ్వనని అతను పట్టుబట్టాడు. ఈ మాట మళ్లీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

ఆ తర్వాత ఇదొక పద్ధతిగా స్థిరపడింది. 1988 న్యూయార్క్ మారథాన్‌లో 38 మంది పరుగెత్తి రక్త కేన్సర్ మీద పనిచేసే సొసైటీకి 3 లక్షల 22 వేల డాలర్లు తెచ్చారు. సొసైటీ శిక్షణ ఇస్తుంది, పరుగెత్తే మనిషి తన చుట్టాలనీ స్నేహితులనీ అడుగుతుంది. లండన్ మారథాన్‌లో సేవాసంస్థలు ముందే చోట్లు కొని, ఇంత తెస్తామని మాటిచ్చినవాళ్లకి ఇస్తాయి. మన దేశంలో 2004లో మొదలైన ముంబై మారథాన్‌తో ఇది పెద్దయెత్తున వచ్చింది. ప్రతి జనవరిలో వందల సంస్థలు దాని ద్వారా చందాలు పోగుచేస్తాయి. హైదరాబాద్‌లోనూ ఏటా మారథాన్ జరుగుతోంది.

ఇందులో ఒక విషయం అర్థం చేసుకోవాలి. చందా ఇచ్చేవాళ్లు మన ఆశయాన్ని చూసి ఇవ్వరు, పరుగెత్తే మనిషి ముఖం చూసి ఇస్తారు. కలిగిన స్నేహితులున్నవాళ్లు పరుగెత్తిన సంస్థకి లక్షలొస్తాయి, వార్డుల్లో తిరిగే సంఘానికి వందలొస్తాయి. అయినా చిన్న సంఘాలకి దారి లేకపోలేదు. పదిమంది పరుగెత్తి, ఒక్కొక్కరు యాభై మందిని తలా 200 రూపాయలు అడిగితే లక్ష రూపాయలు. అది మా ఇంటద్దెకి చాలా నెలలు సరిపోతుంది.

మొదటి ఏడాది మేం అత్యాశకి పోయి మా ఊళ్లోనే సొంతంగా పరుగు పెట్టాం. పోలీసు అనుమతి, అంబులెన్సు, మంచినీళ్లు, మైకు, టీషర్టులు. అన్నీ పోగా మిగిలింది చెప్పుకోడానికి సిగ్గేసేంత. ఇద్దరు కార్యకర్తలు రెండు నెలలు కేసులు వదిలేసి దాని వెంటే తిరిగారు, ఆ లెక్క ఏ పుస్తకంలోనూ రాయలేదు. రెండో ఏడాది బుద్ధొచ్చి, ఎవరో నిర్వహించే నగర మారథాన్‌లో ఆరుగురం పేర్లిచ్చాం. ప్రవేశ రుసుం తప్ప ఖర్చు లేదు.

ఆ ఏడాదే అసలు చిక్కొచ్చింది. కరపత్రం రాయడానికి సాయం చేసిన ఒకాయన, "గృహహింస అంటే ఎవరూ ఇవ్వరమ్మా, ఆడపిల్లల చదువు అని రాయండి" అన్నాడు. రాశాం. ఆశ్రయ గృహంలో పిల్లలూ ఉన్నారు, బడికీ పోతున్నారు, అబద్ధం కాదు కదా అనుకున్నాం. డబ్బు బాగానే వచ్చింది. గృహంలో ఉండే ఒకామె కరపత్రం కూడబలుక్కుని చదివి, "ఇందులో మేమెక్కడున్నామక్కా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మూడో ఏడాది సూటిగా రాశాం: దెబ్బలు తిని అర్ధరాత్రి బయటపడ్డ ఆడవాళ్లు తలదాచుకునే ఇల్లు, దాని అద్దె కోసం అడుగుతున్నాం అని. డబ్బు సగానికి సగం తగ్గింది. కానీ ఇచ్చినవాళ్లలో నలుగురు ఆ తర్వాత ఇల్లు చూడటానికొచ్చారు. ఒకరు లాయరు, ఇప్పుడు మా కేసులు చూస్తున్నారు.

ఫొటోల సంగతీ అంతే. "బాధితురాలి ఫొటో ఉంటే కదిలిపోతారు" అంటారు. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. మిగతావాళ్ల విషయంలోనూ వద్దని మేమే తీర్మానించుకున్నాం.

గృహంలో ఒకమ్మాయి తానూ పరుగెత్తుతానంది. చిన్నప్పుడు స్కూల్లో పరుగుపందెంలో గెలిచిందట. ఫలితాల జాబితాలో పేరొస్తే అత్తింటివాళ్లకి ఆచూకీ తెలుస్తుందని మా భయం. 1967లో బోస్టన్ మారథాన్‌లో కేథరిన్ స్విట్జర్ కె.వి. స్విట్జర్ అన్న పేరుతో నమోదైంది. ఆడమనిషని తెలిశాక ఒక అధికారి దారిలో మీదపడి ఆమె నంబరు చించబోయాడు. అయినా ఆమె పరుగు పూర్తిచేసింది. ఆడవాళ్లని అక్కడ అధికారికంగా అనుమతించింది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ 1984లోగానీ రాలేదు. మా అమ్మాయి పేరూ పొడి అక్షరాలతోనే ఇచ్చాం. పది కిలోమీటర్లూ పూర్తిచేసింది. ఫొటో లేదు, ఆమెకిచ్చిన పతకం మాత్రం వంటింటి మేకుకి వేలాడుతోంది.

లెక్కల సంగతి క్లుప్తంగా. పరుగెత్తేవాళ్ల సొంత ఫోన్ ఖాతాలోకి డబ్బు రానివ్వొద్దు, నేరుగా సంఘం ఖాతాకే రావాలి. 80జి అని మనం పిలిచే పన్ను మినహాయింపు కావాలంటే 2,000 రూపాయలు మించిన నగదు పనికిరాదు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు అక్కడి మారథాన్‌లో పరుగెత్తి పంపుతామంటే పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పౌరులు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి. 2020 సవరణ ప్రకారం ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ప్రేమతో పంపిన డబ్బే మన మెడకి చుట్టుకోవచ్చు.

కంపెనీల మాట చెప్పి ముగిస్తాను. రొమ్ము కేన్సర్ పరుగులు గులాబి రంగు సరుకుల అమ్మకాలుగా ఎలా మారాయో సమంతా కింగ్ 2006లో ఒక పుస్తకమే రాసింది. ఈ ఏడాది ఒక కంపెనీ మాకు ముప్ఫైమంది ఉద్యోగులని ఇస్తానంది. అంతమంది అడిగితే ఏడాది అద్దె వచ్చేస్తుంది. షరతు రెండు ముక్కలు: టీషర్టు మీద వాళ్ల పేరు ముందు, మాది వెనక. కరపత్రంలో "హింస" అన్న మాట ఉండకూడదు. మొదటిదానికి నేను ఒప్పుకుంటాను. రెండోదాని మీద మా కార్యవర్గంలో ఐదుగురు అటు, ఐదుగురు ఇటు. వచ్చే నెల గృహంలో ఉన్న ఆడవాళ్లని కూర్చోబెట్టి అడగబోతున్నాం. మీ సంఘాల్లో ఇలాంటిది ఎదురైతే ఏం చేశారో భోజనాల దగ్గర నాకు చెప్పండి.