పని చెప్పువాడు వినవలసిన మాట

(సంగారెడ్డిలో నొక పఠనమందిర సభయందు చేసిన ఉపన్యాసము)



పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము ప్రాంతముల కర్మాగారములలో పని చేయించువారు, అనగా సూపర్‌వైజర్లు, షిఫ్టు ఇన్‌ఛార్జీలు, కాంట్రాక్టర్లు, ఈ సభలో పెక్కండ్రు కనబడుచున్నారు. మనుష్యులచేత పని చేయించు విద్యను గూర్చి మీకు చెప్పుటకు న్యాయవాదులమగు మాకు యోగ్యత యేమున్నదని మీరడుగవచ్చును. వకీలునకు మాటలాడుటయే గాని వినుట తెలియదను లోకోక్తి మే మెరుగనిది కాదు. అయినను మేము కొందరము కొంతకాలముగా శ్రామికులకు చట్టములు తెలుపుటకై యొక పాడ్‌కాస్టును నడుపుచున్నాము. ఎదుట నొకరిని కూర్చుండబెట్టి, నడుమ మైకు నుంచి, ప్రశ్నలడిగి, ఆ సంభాషణను ఎవరి ఫోనులో వారు తీరికవేళ వినునట్లు పంపుటయే యీ పని. చూచుటకు స్వల్పమైన పనియే. కాని మైకు ముందర కూర్చున్నవానిచేత నిజము పలికించుటయు, యంత్రము ముందర నిలుచున్నవానిచేత నిజము పలికించుటయు నొక్క విద్యయేనని మాకు తోచినది. దానినే నేడు మీ యెదుట నుంచుచున్నాము.

ఈ విద్యలో మాకు గురువులు మన జిల్లాలోనే యున్నారు. ఝరాసంగం మండలము మాచ్‌నూరు గ్రామమున 2008 అక్టోబరు 15వ తేదీని సంఘం రేడియో ప్రసారము మొదలయినది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు, చిన్న కమతముల రైతులు, దానికి యజమానులు. జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ అను ఇరువురు దానిని నడిపి పేరుపొందిరి. వాయుతరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో నొకరగు పి. బి. సావంత్ గారే ఈ కేంద్రమును ప్రారంభించిరి. తీర్పునకును ప్రసారమునకును నడుమ పదుమూడేండ్లు గడచినవి. స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతి నిచ్చు విధానము 2006లో గాని రాలేదు. అంతవరకు ఆ స్త్రీలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మాటలను, పాటలను క్యాసెట్లలో నెక్కించి సంఘ సమావేశములలో వినిపించుకొనిరి. అనుమతి వచ్చునాటికి వారికి అడుగుటయు, వినుటయు నలవడియుండెను.

వారి కార్యక్రమములలో విత్తనములు, పశువుల రోగములు, ఇంటి వైద్యము, బతుకమ్మ పాటలు మొదలగునవి ముచ్చటలు. ఒక్క విషయము గమనింపుడు. అడుగునది రైతు స్త్రీ, చెప్పునదియు రైతు స్త్రీయే. తనకంటె ఎదుటిదానికి ఎక్కువ తెలియునని అడుగునది మనస్సులో నొప్పుకొని కూర్చుండును. ఆ యొప్పుదల లేనిచో ప్రశ్న పరీక్షగా మారును. పరీక్ష యనగానే మనిషి ముడుచుకొనును. ఆ సంఘముల స్త్రీలే కెమెరాను కూడ నేర్చినారు. పైనుండి క్రిందికి చూచి తీయు బొమ్మకు వారు ‘పటేల్ షాట్’ అని పేరు పెట్టిరి. సమానముగా కూర్చుండి కన్నులలోనికి చూచి తీయుదానికి ‘సంఘం షాట్’ అని. పెద్ద కళాశాలలలో మేనేజిమెంటు నేర్పువారు ఎన్ని గ్రంథములు వ్రాసినను ఇంతకంటె స్పష్టముగా చెప్పిరా యని మాకు సందేహము.

ఇక కార్ఖానాలోనికి వత్తము. షిఫ్టు మొదలగునప్పుడు ‘టూల్‌బాక్స్ టాక్’ అని పది నిమిషముల మాట జరుగుట మీ రెరిగినదే. పలుచోట్ల జరుగున దేమనగా: సూపర్‌వైజరు నిలువబడి చదువును, ఇరువది ముప్పదిమంది తలలూపుదురు, పుస్తకములో సంతకములు పడును. ఆ పది నిమిషములు రికార్డు చేసి వినిపించినచో నొక్క కంఠమే వినబడును. పాడ్‌కాస్టు నడుపువాడు అట్టిదానిని సంభాషణ యనడు.

అందును వినువారిలో సగముమందికి పైగా ఒడియా, భోజ్‌పురి మాటలాడువారుండు చోట్లు గలవు. తెలుగులో నడిగిన ప్రశ్నకు ‘హా సార్’ అని వచ్చును. ఆ ‘హా’ యనునది అంగీకారము కాదు. త్వరగా విడువుడని వేడుకోలు. మేము మైకు మీట నొక్కకముందే వచ్చినవారితో అరగంట సేపు వారి యూరిని గూర్చియు, వారి పనిని గూర్చియు ముచ్చటింతుము. ఏ భాషలో వారి చేతులు కదలునో, ఏ మాటకు ముఖము వికసించునో అప్పుడు తెలియును. ఆ భాషలోనే అడుగుట, రాకున్నచో వచ్చినవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట మా నియమము.

ప్రశ్నలోనే సగము పని యున్నది. ‘అంతయు బాగున్నదా?’ యని యడిగినచో ‘బాగున్నది’ యను జవాబు తప్ప వేరొకటి రాదు. ‘నిన్న రాత్రి షిఫ్టులో ఏ యంత్రమాగినది? ఎన్ని నిమిషములాగినది? నీవప్పు డెక్కడ నుంటివి?’ అని యడుగుడు. కథ దానంతట అదే వచ్చును. జవాబు ముగిసినదని తోచిన పిమ్మట ఇంకొక నాలుగు క్షణములు నోరు మెదపక యుండుట అన్నిటికంటె కష్టము. ఆ నిశ్శబ్దములో కొందరు మరియొక వాక్యము చెప్పుదురు. మొదటిది మర్యాద కొరకు చెప్పినది, రెండవది నిజము. మా సంభాషణలలో మేము దాచుకొనదగినవన్నియు నిట్టి రెండవ వాక్యములే. (కోర్టులో క్రాసు పరీక్షకు ఇది నేరుగా వ్యతిరేకము, అచట రెండవ వాక్యము రాకుండ చూచుటయే మా జీవనోపాధి.)

పూర్వము రేడియో అన్నయ్యగా ఆంధ్రదేశమంతట పేరుగన్న న్యాయపతి రాఘవరావు గారు బాలబాలికలచేతనే మైకు పట్టించిరి. పిల్లలకు నీతులు చదివి వినిపించుట సులభము. వారిచేత పలికించుటకు ఓర్పు కావలెను. పెద్దలచేత పలికించుటకు అంతకంటె నెక్కువ కావలెను, ఏలయన పెద్దవానికి ఉద్యోగభయము గలదు. కాంట్రాక్టు పనివాడు నేడు నోరు తెరచినచో రేపు గేటుపాసు దొరకునో లేదో. అందుచేత మేము అడిగినవారి పేరు చెప్పము. ముగించిన సంభాషణను వారికే ముందుగా వినిపింతుము. వలదన్న మాట తీసివేయుదుము. కత్తెర యెవని చేతిలో నున్నదో వానికి మైకు పట్టినవానికంటె అధికారమెక్కువ. కార్ఖానాలో నీ కత్తెర చాలమంది చేతులలో నున్నది. ఆపరేటరు ‘బేరింగు వేడెక్కి పొగ వచ్చినది’ అనును. షిఫ్టు పుస్తకములో ‘స్వల్ప శబ్దము’ అని వ్రాయుదురు. నెల నివేదికలో ‘సాధారణ మరమ్మతు’ అగును. పై కార్యాలయమునకు చేరునప్పటికి ఏమియు మిగులదు. మొదటివాడు చెప్పిన మాట చెప్పినట్లుగా పైదాక పోవు త్రోవ యొకటి యుండవలెనని మేము కోరుచున్నాము.

ఇది మాటల సరదా కాదు. 2025 జూన్ 30వ తేదీ ఉదయము పాశమైలారములో, ఔషధములకు వాడు సెల్యులోజు పొడి చేయు కర్మాగారమున పేలుడు జరిగి 40 మందికి పైగా మరణించిరి. కొందరి దేహములైనను చిక్కలేదు. వారిలో బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశములనుండి వచ్చినవారు పెక్కురు. యంత్రములు పాతబడినవని తమవాడు ముందే చెప్పినను వినలేదని యొక మృతుని కుటుంబమువారు పోలీసులకు ఫిర్యాదు చేసిరి. అది ఆరోపణ, దానిని తేల్చవలసినది న్యాయస్థానము, మేము కాదు. కాని ఆ వాక్యమును చదివిన పిదప ఈ ప్రాంతమున పని చేయించు ప్రతివాడును, తన క్రింది వారిలో నెవ్వరైన నట్టి మాట చెప్పియుండిరా, చెప్పినచో నది ఏ పుస్తకములో నెట్లు వ్రాయబడినది, అని వెదకి చూచుకొనవలసియున్నది.

చట్టము కూడ నిట్లే చెప్పినది. భోపాల్ దుర్ఘటన పిమ్మట 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు కొన్ని విభాగములు చేర్చిరి. ప్రమాదకరమైన ప్రక్రియలు గల కర్మాగారములలో యాజమాన్యమువారును, శ్రామికులును సమసంఖ్యలో గల భద్రతా సంఘముండవలెనని 41-జి చెప్పెను. ప్రాణాపాయము సమీపించినదని తోచిన శ్రామికునకు హెచ్చరించు హక్కు కలదని 41-హెచ్ చెప్పెను. ఆ హెచ్చరికతో మేనేజరు ఏకీభవింపనిచో తాను త్రోసివేయుటకు వీలులేదు, వెంటనే దానిని ఇన్‌స్పెక్టరునకు పంపవలెననియు నందే యుండెను. హెచ్చరించు హక్కు 2020 నాటి నూతన కార్మిక స్మృతిలోనికిని వచ్చినది. సమసంఖ్య యన్నంత మాత్రమున సమాన కంఠము కాదు. బల్ల కొక ప్రక్క నలుగురు, రెండవ ప్రక్క నలుగురు కూర్చుండగా పెద్దాఫీసరే గంట సేపు మాటలాడినచో నది టూల్‌బాక్స్ టాక్‌కు మరియొక పేరు మాత్రమే. మా సంభాషణలో ఇద్దరు వచ్చినప్పుడు వాచాలుని కంటె ముందు మితభాషి నడుగుదుము. భద్రతా సంఘములోను కడగొట్టు ఉద్యోగి ముందు, మేనేజరు కడపట మాటలాడినచో చాలును. దీనికి ఖర్చు లేదు.

అందరి మాటయు వినుచు కూర్చున్నచో ఉత్పత్తి యెప్పుడని కొందరు మిత్రులు మమ్ము నిలదీసినారు. మైకు పట్టినవానికిని గడియారము కలదు. ప్రక్కదారి పట్టిన మాటను మర్యాదగా త్రిప్పుటయు, చాలునని చెప్పుటయు వాని పనియే. విని కాదనుట వేరు, వినక త్రోయుట వేరు. కాదన్నప్పుడు కారణము చెప్పవలెను, అదియు అడిగినవానికే, వాడు నిలిచిన చోటికే పోయి చెప్పవలెను. మాకు ప్రశ్న పంపిన శ్రోతకు తరువాతి సంచికలో జవాబు రానిచో ఆ శ్రోత మరల ప్రశ్న పంపడు. వాడు వినుట మానడు, అడుగుట మానును. లెక్కలో శ్రోతలు తగ్గినట్లు కనబడదు. కార్ఖానాలోను ఫిర్యాదుల పెట్టె ఖాళీగా నున్నదని సంతోషించువారు దీనిని యోచింపవలెను.

మా రాబోవు సంభాషణ ఒడియాలో జరుగనున్నది. బాయిలర్ల పనిమీద నొకరు మాటలాడుదురు. అడుగువారును బాయిలరు ప్రక్కన ఏండ్ల తరబడి నిలిచినవారే. మేము తీగలు సరిచూచి, తలుపు మూసి, బయట కూర్చుందుము.