యాత్రికునకు స్పానిష్ మాటలు
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



నందికొట్కూరులో స్పానిష్ భాషతో పనియేమని తమకు తోచవచ్చును. ఆ భాషవారు మన సీమకు క్రొత్తవారు కారు. స్పెయిను దేశమున బార్సిలోనా నగరములో 1920లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురము చేరి, ఆ కరవు నేలలో పేదలకు సేవచేసి, 2009లో అక్కడనే కన్నుమూసిరి. వారి కృషిని చూచుటకు స్పెయిను నుండి ఎందరో అనంతపురము వచ్చిరి.

నేడు మన పిల్లలు చదువులకు, ఉద్యోగములకు అమెరికా పోవుచున్నారు. అక్కడి టెక్సాసు, కాలిఫోర్నియా రాష్ట్రములలో ఇంగ్లీషు తరువాత విరివిగా వినబడునది స్పానిషే. బిడ్డలను చూడబోవు తల్లిదండ్రులు పరభాషకు వెఱచి ఇల్లు కదలక కూర్చొనుట నాకు బాధ కలిగించును. నాలుగు మాటలు వచ్చిన ఆ బెదరు సగము తీరును.

ఈ భాషయందు అచ్చులు ప్రధానముగా ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. త, ద అక్షరములు మనవలెనే పలుకుదురు. కావున తెలుగు లిపిలో వ్రాసికొని చదివినను చాలవఱకు సరిపోవును. మన అల్మారా, మేస్త్రి, పాదిరి అను మాటలు పోర్చుగీసువారి వలన వచ్చినవి. ఆ భాషకు స్పానిష్ తోబుట్టువు. కనుకనే స్పానిషులో వానిని అర్మారియో, మాఎస్త్రో, పాద్రే అందురు.

ఇక యాత్రికునకు ముఖ్యమైనవి. నీళ్లు ఆగ్వా. ఎక్కడ ఉన్నది అనుటకు దోందే ఎస్తా. వెల యెంత అనుటకు క్వాంతో క్వేస్తా. గ్రనడా నగరమునందలి అల్‌హాంబ్రా కోట చూడబోయినచో, ఎంత్రాదా అని వ్రాసినది లోనికి పోవు దారి, సలీదా అని వ్రాసినది వెలుపలికి వచ్చు దారి. స్నానపు గదిలో ఒక హెచ్చరిక: ఇంగ్లీషు కుళాయిపై 'సి' అను అక్షరము చన్నీటికి గుర్తు, స్పెయినులో అది కలియేంతే, అనగా వేడినీరు. తెలియక త్రిప్పిన చేయి కాలును!

వీనికంటె ముందు నేర్వవలసినవి రెండు కలవు: పోర్ ఫవోర్, అనగా దయచేసి; గ్రాసియాస్, అనగా కృతజ్ఞతలు. స్పెయినులో పలువురు దీనిని గ్రాథియాస్ అందురు. నీవు, మీరు అను భేదము వారికిని కలదు. చనువున్నచోట తూ, గౌరవింపవలసినచోట ఉస్తెద్. ఈ ఉస్తెద్ పూర్వము 'తమ దయ' అని అర్థమిచ్చిన మాటల నుండి పుట్టినది. మన 'తమరు' ఎరిగిన నోటికి ఇది కష్టము కాదు.

మాట తప్పు పలికినను మర్యాద తప్పకున్న చాలును. మన ఊరికి వచ్చిన పరదేశి వచ్చీరాని తెలుగున నమస్కారమనిన మనము పీట వేయుదుము గదా!

చివరగా ఒక మనవి. మన గ్రంథాలయమున ఒక నోటుపుస్తకము ఉంచుడు. దూరదేశము పోయివచ్చిన ప్రతి పాఠకుడును అక్కడ తనకు అక్కఱకు వచ్చిన పది మాటలను తెలుగు లిపిలో అందు వ్రాయవలెను. తరువాత బయలుదేరు తల్లికో తండ్రికో అదియే చేతికఱ్ఱ యగును.