గుర్రపు వాతం దెయ్యం పని కాదు



నిండు నెలల మనిషి. ఉన్నట్టుండి కళ్లు తేలేసింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంది. పళ్లు బిగుసుకుపోయాయి. ఇంట్లోవాళ్లు ఏమంటారు? "గాలి సోకింది" అంటారు. భూతవైద్యుడి కోసం పరుగెత్తుతారు. ఈలోగా తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కకుండా పోవచ్చు.

ఇది గాలి కాదు. దెయ్యం కాదు. ఇది జబ్బు. పెద్దవాళ్లు దీన్నే గుర్రపు వాతం అంటారు. గర్భిణికి రక్తపోటు, అంటే బి.పి. పెరిగితే ఈ ఫిట్స్ రావచ్చు. తొలిచూలు వాళ్లకూ, కడుపులో కవలలు ఉన్నవాళ్లకూ ఈ ప్రమాదం ఎక్కువ. కాన్పు అయిన తరువాత కూడా ఫిట్స్ రావచ్చు.

దీనికి మందు ఉందా? ఉంది. మెగ్నీషియం సల్ఫేట్. మనం భేది ఉప్పు అంటామే, ఆ ఉప్పునే శుద్ధిచేసి ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఖరీదు తక్కువ. అలాగని ఇంట్లో భేది ఉప్పు తాగితే ఈ జబ్బు తగ్గదు. ఇంజెక్షన్ కూడా డాక్టరు గానీ, శిక్షణ పొందిన నర్సు గానీ చేయాలి. మోతాదు మించితే ఊపిరికే ప్రమాదం.

ఒకప్పుడు ఒక్కో డాక్టరు ఒక్కో మందు వాడేవారు. ఏది మేలో గట్టిగా తెలియదు. అందుకని కొన్ని దేశాల డాక్టర్లు కలిసి పరీక్షించి చూశారు. అందులో మన దేశం కూడా ఉంది. ఫిట్స్ వచ్చిన 1,687 మంది స్త్రీలకు చీటీ వేసినట్టుగా కొందరికి ఈ మందు, కొందరికి వేరే మందులు ఇచ్చారు. 1995లో ఫలితం తెలిసింది. ఈ మందు పడినవాళ్లలో మళ్లీ ఫిట్స్ రావటం సగానికి పైగా తగ్గింది.

మరి ఫిట్స్ రాకముందే ఇస్తే? 33 దేశాల్లో బి.పి. జబ్బు ఉన్న 10 వేల మందికి పైగా స్త్రీలలో అదీ చూశారు. 2002లో తేలింది. ముందే ఇస్తే ఫిట్స్ రావటం సగానికి పైగా తగ్గింది.

మందు ఆసుపత్రిలో ఉంది. గుర్తు పట్టవలసింది ఇంట్లో. విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకలు, ముఖమూ చేతులూ వాయటం, పొట్ట పైభాగాన నొప్పి - వీటిలో ఏది కనిపించినా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు పోయకండి. ఏమీ పెట్టకండి. గట్టిగా అదిమి పట్టుకోకండి. 108కి ఫోన్ చేయండి.

బి.పి. పెరిగినా ఒక్కోసారి ఏ బాధా తెలియదు. చూపిస్తేనే తెలుస్తుంది. ఇప్పుడు మీకు అంకెలు చదవటం వచ్చు. ఇంట్లో కోడలో, కూతురో గర్భిణిగా ఉంటే ఆమె కార్డు తెరవండి. బి.పి. ఎంత రాశారో చదవండి. పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే డాక్టరుకు చూపించండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఊరుకోకండి. "బి.పి. చూడండమ్మా, మూత్రం పరీక్ష చేయండమ్మా" అని నర్సును అడగండి.