మూడేళ్ల పిల్లలతో కూర్చునే మనిషి కావాలి



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది మీ ఇంట్లో మొదటి పట్టభద్రులు. ఆ గౌరవం మీది, మిమ్మల్ని చదివించిన అమ్మానాన్నలది. మీతోపాటు ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్లల్లో ఎందరో ఈ హాలు దాకా రాలేదు. వాళ్లెక్కడ ఆగిపోయారని అడిగితే పదో తరగతి దగ్గరనో, ఇంటర్ ఫీజు దగ్గరనో చెబుతాం. చిన్నపిల్లల చదువును దగ్గరగా చూసినవాళ్లు మాత్రం, ఒకటో తరగతి గదిలో అడుగుపెట్టే రోజుకే చాలామంది వెనకబడి ఉంటారని చెబుతారు. చెప్పేది చివరిదాకా వినడం, నలుగురితో కలిసి ఆడటం, ఏది ఎక్కువో ఏది తక్కువో పోల్చడం, తనకు తెలియనిదాన్ని భయపడకుండా అడగడం, ఇవన్నీ ఆరేళ్లలోపు అలవడాలి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానం కూడా రాసింది. ఈ వయసు పిల్లల గురించే ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నాను.

మన చట్టంలో వీళ్ల స్థానం ఏమిటో ముందు చెప్పాలి. పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలని 1950లో రాజ్యాంగం 45వ అధికరణం రాసుకుంది. అది ఏ వయసు నుంచి మొదలవ్వాలో అందులో గీత గీయలేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కేనని తేల్చింది. ఆ కేసులో ప్రతివాది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల క్యాపిటేషన్ ఫీజుల తగాదాగా మొదలై, పసిపిల్లల హక్కు దాకా వెళ్లిన కేసు అది. ఆ తర్వాత 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి హక్కు దక్కింది. ఆరేళ్లలోపు పిల్లల విషయంలో రాజ్యం ప్రయత్నం చేయాలన్న ఆదేశిక సూత్రంతో సరిపెట్టారు. 2009 విద్యాహక్కు చట్టం కూడా మూడేళ్లు నిండిన పిల్లల బడిని ప్రభుత్వం ఇష్టానికే వదిలింది. ఒకటో తరగతి చదివే అక్క తరఫున కోర్టుకు వెళ్లి బడి అడగవచ్చు. నాలుగేళ్ల చెల్లెలి తరఫున అడగలేం. సరిచేయవలసిన మొదటి అన్యాయం ఇదేనని నా అభిప్రాయం.

హక్కు లేకపోయినా వ్యవస్థ లేకపోలేదు. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో బాలవిద్యా కేంద్రం పెట్టారు. అనూతాయి వాఘ్ ఆమెతో కలిసి నడిచారు. బడికి రాలేని పేద పిల్లల కోసం బడినే వాళ్ల వాడకు, వాళ్ల ముంగిట్లోకి తీసుకెళ్లారు. మన రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ మండలి సాయంతో పల్లెల్లో బాల్వాడీలు నడిచాయి. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నుంచి వరసగా ఆదేశాలిస్తూ వచ్చి, 2006లో 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలు తెరవాలంది. ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా నడుస్తున్నాయి. ఇది చిన్న విజయం కాదు. చాలా మారుమూల తండాల్లో సైతం ఒక టీచర్, ఒక ఆయా, ఉడికించిన గుడ్డు, బాలామృతం ప్యాకెట్ కనిపిస్తాయి.

అయితే ఉదయం పది నుంచి పన్నెండు గంటల మధ్య ఏ అంగన్‌వాడీకైనా వెళ్లి కూర్చోండి. టీచర్ రిజిస్టర్ ముందుంటుంది, లేదా ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్ తెరిచి వివరాలు ఎక్కిస్తూ ఉంటుంది. పిల్లల బరువు, ఎత్తు కొలవాలి. గర్భిణులకు, బాలింతలకు సరుకు లెక్కపెట్టి ఇవ్వాలి. టీకాల రోజున తల్లులను పిలుచుకురావాలి. సెక్టార్ మీటింగుకు వెళ్లాలి. ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా పని, సర్వే వస్తే సర్వే పని. పథకం ఇస్తానన్న ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. మిగిలిన ఐదూ ఏదో ఒక లెక్కలో కనిపిస్తాయి, వాటి గురించి పైవాళ్లు అడుగుతారు. పిల్లలకు ఇవాళ కథ చెప్పావా అని ఎవరూ అడగరు. అందుకే కథ రేపటికి, ఎల్లుండికి వాయిదా పడుతుంది. శిక్షణ తరగతుల్లో నేను కలిసిన టీచర్లలో పాట రానివాళ్లు, కథ చెప్పలేనివాళ్లు అరుదు. వాళ్లకు లేనిది సమయం.

కడుపు నిండితే చాలదా అని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు జమైకా అధ్యయనం గురించి చెబుతాను. 1986-87లో సాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం కింగ్‌స్టన్ పేద వాడల్లో పోషకాహార లోపంతో ఎదుగుదల ఆగిన 129 మంది పసివాళ్లను తీసుకుంది. కొందరికి అదనపు పోషకాహారం మాత్రమే ఇచ్చారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం వెళ్లి, తల్లులకు బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో చూపించారు. ఇంట్లో తయారుచేసిన బొమ్మలే వాడారు. కొందరికి రెండూ అందాయి, కొందరికి ఏదీ అందలేదు. ఇరవై ఏళ్ల తర్వాత వెతికి చూస్తే, ఆటా మాటా అందిన పిల్లలు పెద్దవాళ్లై, అవి అందనివాళ్ల కంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. ఆహారం ఒక్కటే అందిన వారిలో అలాంటి శాశ్వత ఫలితం కనబడలేదు. దీన్నిబట్టి గుడ్డు మానేయమని ఎవరూ అనరు. గుడ్డు పెట్టి పిల్లతో మాట్లాడకుండా పంపేస్తే మనం పని సగంలో వదిలేసినట్టే.

మన పక్కనే ఉన్న తమిళనాడులో ఇంకా సూటిగా తేలింది. కార్తీక్ మురళీధరన్, అలెహాండ్రో గానిమియన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అక్కడి 640 అంగన్‌వాడీలను పరిశీలించారు. వాటిలో సగం కేంద్రాల్లో పిల్లల చదువు కోసం పూటపని చేసే మరో కార్యకర్తను పెట్టారు. కొత్త భవనం కట్టలేదు, కొత్త యంత్రం కొనలేదు. ఒక్క మనిషి చేరడంతో పిల్లలకు నేర్పే సమయం రెట్టింపయింది. లెక్కలోనూ భాషలోనూ పిల్లలు ముందుకొచ్చారు. ఎదుగుదల ఆగిన పిల్లల శాతం కూడా తగ్గింది, ఎందుకంటే పాత టీచర్‌కు పోషణ మీద దృష్టి పెట్టే వీలు చిక్కింది. నాకు తెలిసినంతలో పేదపిల్లల కోసం ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే పని మరొకటి లేదు. ప్రతి అంగన్‌వాడీకి రెండో టీచర్ కావాలని నేను అడిగేది అందుకే.

తల్లిదండ్రులు ఈలోపు ఊరికే కూర్చోలేదు. కూలి డబ్బుల్లోంచి నెలనెలా తీసి ప్రైవేటు బడిలో ఎల్కేజీలో వేస్తున్నారు. ఆ తల్లిని నేను ఏనాడూ తప్పుపట్టను. బడి వ్యాను గుమ్మం ముందు ఆగుతుంది, యూనిఫాం ఉంటుంది, ఇంగ్లీషు వస్తుందన్న ఆశ ఉంటుంది. తన బతుకు బిడ్డకు రాకూడదన్న కోరిక అన్నింటికంటే పెద్దది. కానీ ఆ డబ్బుకు ఆమెకు దక్కుతున్నదేమిటి? ఢిల్లీలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి తెలంగాణ, అస్సాం, రాజస్థాన్‌లలో వేలమంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా వెంబడించి చూశాయి. అంగన్‌వాడీలో ఆట పేరుకే ఉంది; ప్రైవేటులో ఆట లేనే లేదు, నాలుగేళ్లకే నోట్‌బుక్కు, ఏబీసీడీలు, బట్టీ. రెండు చోట్లా ఆ వయసుకు తగిన చదువు అందలేదు. వేళ్లు ఇంకా బలపడని పిల్లచేత గంటసేపు అక్షరాలు దిద్దించడం చదువు కాదు, శిక్ష. చింతపిక్కలు సైజుల వారీగా కుప్పలు పోయడం గణితం. చెమ్మచెక్క ఆడటంలో లయ ఉంది, వంతు కోసం ఆగడం ఉంది. విన్న కథను తన మాటల్లో తిరిగి చెప్పడం రేపటి చదువుకు పునాది. ఇవేవీ డబ్బుతో కొనేవి కావు. వీటికి తగిన శిక్షణ, ఓపిక ఉన్న మనిషి మాత్రం కావాలి.

వేళల సంగతి కూడా చెప్పాలి. మిరప కోతకు, పత్తి ఏరడానికి వెళ్లే తల్లి ఉదయం ఏడింటికే ఆటో ఎక్కుతుంది. కేంద్రం తొమ్మిదింటికి తెరుస్తారు. ఆ రెండు గంటలు, మళ్లీ సాయంత్రం ఆమె తిరిగొచ్చేదాకా, బిడ్డను చూసేది పదేళ్ల అక్క. ఆ అక్క పేరు బడి హాజరుపట్టీలో ఉంటుంది, ఆమె మాత్రం ఇంటి దగ్గర ఉంటుంది. చిన్నబిడ్డకు రోజంతా నీడ దొరికితే ఇద్దరు పిల్లలు చదువుకుంటారు. మూడేళ్లలోపు బిడ్డల పరిస్థితి మరీ కష్టం. వాళ్లను దింపడానికి శిశుసంరక్షణ కేంద్రాలు బహు తక్కువ. ఢిల్లీ భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం మీరా మహదేవన్ 1969లోనే మొబైల్ క్రెష్ ప్రారంభించారు. యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే నిర్మాణ స్థలంలో పిల్లలకు గది ఉండాలని 1996 చట్టమే చెప్పింది. మీ ఊళ్లో లేస్తున్న అపార్టుమెంట్ల దగ్గర అది ఉందేమో చూడండి.

కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోతాయి. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. ఆ నెలల్లో పిల్లల పేర్లు ఒకచోట, పిల్లలు ఇంకోచోట ఉంటారు. ఇక అడవి గ్రామాల్లో మరో ఇబ్బంది భాషది. ఉట్నూరు వైపు గోండి, కొలామి, భద్రాచలం వైపు కోయ, సీతంపేటలో సవర, పాడేరు వైపు కువి. మూడేళ్ల బిడ్డకు అమ్మ మాట తప్ప వేరేది రాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు తయారుచేసిన అనుభవం మనకుంది. అంగన్‌వాడీలో ఆ భాష మాట్లాడే మనిషి ఉండాలన్నది మొదటి షరతు కావాలి.

ఇంత పని చేసే టీచర్‌ను ప్రభుత్వాలు ఇప్పటికీ ఉద్యోగి అనవు, గౌరవ వేతనం తీసుకునే కార్యకర్త అంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వేతనం 2019లో 11,500 రూపాయలైంది. ఇతర కోర్కెలతోపాటు జీతం పెంచమని అడుగుతూ వాళ్లు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో గుజరాత్ కేసులో తీర్పు ఇచ్చింది. అది కూడా కోర్టు దాకా వెళ్లి తెచ్చుకోవలసి వచ్చింది. డిగ్రీ క్లాసులో పాఠం చెప్పేవాళ్లకూ, నాలుగేళ్ల పిల్లలకు పాఠం చెప్పే ఆమెకూ జీతంలో ఉన్న తేడాకు పని విలువ కారణం కాదు. కాబట్టి రెండో టీచర్‌ను అడిగేటప్పుడు మొదటి టీచర్ జీతాన్ని, భద్రతను కూడా అడగాలి.

ఇప్పుడు మీ వంతు. గృహవిజ్ఞానం, విద్యాశాస్త్రం, సోషల్ వర్క్ చదివినవాళ్లు ఈ రంగంలోకి రండి. చిన్నపిల్లలకు చెప్పడం మీ పట్టాకు తక్కువ పని అని ఎవరన్నా నమ్మకండి. సివిల్ సర్వీసు రాసేవాళ్లు రేపు జిల్లాల్లో కూర్చుంటారు. సమీక్షలో బరువుల లెక్కతోపాటు పిల్లలతో గడిపిన గంటల లెక్క కూడా అడగండి, టీచర్ మీద పడిన పరాయి పనులను తీసేయండి. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లు టీచర్ చేత ఒకే వివరం రెండుసార్లు ఎక్కించని యాప్ తయారుచేయండి. ఇంజనీర్లు మీ సైటులో పిల్లల గది కట్టాకే పని మొదలుపెట్టండి.

2030 నాటికి మూడేళ్లు దాటిన ప్రతి బిడ్డకూ మంచి పూర్వ ప్రాథమిక విద్య అందాలని దేశం లక్ష్యంగా పెట్టుకుంది. ఆ గడువు దగ్గరపడింది. వచ్చే గ్రామసభకు, వార్డు సభకు వెళ్లండి. మన అంగన్‌వాడీకి రెండో టీచర్‌ను ఎప్పుడిస్తారని లేచి అడగండి. ఆ ప్రశ్నను తీర్మానంలో రాయించండి, కలెక్టరుకు పంపండి, జవాబు వచ్చేదాకా వదలకండి.