కూర్చుండు కొలువు – గుండె ఆరోగ్యము
(సంఘ సభలో చేసిన ప్రసంగము)



రోగము కర్మఫలమని కొందఱును, వంశమునుండి సంక్రమించునదని కొందఱును అందురు. వంశము సంగతి కొంత నిజమే. కాని దినమున ఎనిమిది గంటల కొలువును ఎట్లు గడుపుచున్నామో, మిగిలిన వేళ ఏమి చేయుచున్నామో, దానికిని మన గుండెకును గాఢమైన సంబంధము కలదు. దీనిని స్పష్టముగా చూపినది లండను నగరపు బస్సు సిబ్బంది చరిత్ర.

జెరెమీ మోరిస్ అను వైద్యులు తమ సహచరులతో కలిసి ఆ నగర రవాణా సంస్థలోని సుమారు 31,000 మంది పురుషుల ఆరోగ్యవివరములను పరిశీలించి, 1953లో ఫలితములను ప్రకటించిరి. అవి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు పనివేళయంతయు కూర్చుండియే యుండును. కండక్టరు టిక్కెట్లిచ్చుటకై దినమునకు 500 మొదలు 750 వఱకు మెట్లెక్కుచుండును. ఇద్దఱిదియు ఒకే సంస్థ, ఒకే బస్సు. అయినను కండక్టర్లకు గుండెపోటు తక్కువగా వచ్చెను. వచ్చినను వెంటనే ప్రాణము పోవుట తక్కువగా నుండెను. తపాలా శాఖలోను ఇదే తీరు కనబడెను. జాబులు పంచుచు తిరుగు పోస్టుమన్లకంటె కూర్చుండి వ్రాయు గుమాస్తాలకు ఈ వ్యాధి ఎక్కువ.

ఇచట నొక సందేహము కలుగవలెను. లావుపాటివారే డ్రైవర్లుగా చేరియుండవచ్చును గదా? మోరిస్ బృందమే ఈ ప్రశ్న వేసికొని, సంస్థ యిచ్చు యూనిఫారము ప్యాంట్ల కొలతలు తిరుగవేసెను. డ్రైవర్ల నడుము పిన్నవయసునందే కండక్టర్లకంటె లావని 1956లో తేలెను. కావున భేదమంతయు మెట్ల మహిమయే యనరాదు.

అటుపిమ్మట మోరిస్ ఒకే విధమైన పనివారిని ఎన్నుకొనిరి. వారెవరో కారు, మనవంటివారే: బ్రిటిషు ప్రభుత్వ కార్యాలయములలో బల్లయొద్ద కూర్చుండు మధ్యవయస్కులు. 1973లో ఫలితము వెలువడెను. అందఱిదియు కూర్చుండు కొలువే యైనను, తీరికవేళల ఒడలు చెమర్చు వ్యాయామము చేయువారికి గుండెజబ్బు ముప్పు, చేయనివారి ముప్పులో సుమారు మూడవవంతు మాత్రమే యుండెను.

ఇందు మనకు ఊరటయు కలదు, హెచ్చరికయు కలదు. కొలువు మార్చుకొనజాలము, సాయంకాలమును మార్చుకొనగలము. మన తాతలు అరక దున్ని, కోసుల దూరము నడచి తిన్న అన్నమునే మనము ఫైళ్లముందును, కంప్యూటరుముందును కూర్చుండి తినుచున్నాము. కంచము పొలమునాటిదే, శ్రమ మాత్రము లేదు. పైగా ఆవకాయ, అప్పడము, ఊరుమిరప వలన చేరు ఉప్పు రక్తపుపోటును పెంచును. దినమునకు 5 గ్రాములకు లోపుగా, అనగా చిన్న చెంచాడు కంటె తక్కువగా, ఉప్పు తినుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. చుట్టయు సిగరెట్టును గుండెకును, ఊపిరితిత్తులకును శత్రువులని వేఱుగ చెప్ప నక్కఱలేదు.

చేయవలసినది కష్టమైనది కాదు. వారమునకు 150 నిమిషముల చురుకైన నడక చాలును. అనగా ఐదు దినములు, దినమున కరగంట. లిఫ్టు విడిచి మెట్లెక్కుడు. ఒక స్టాపు ముందే బస్సు దిగుడు. గంటకొకమాఱు కుర్చీనుండి లేవుడు. నడచునపుడు ఛాతీలో నొప్పి తోచినచో వెంటనే వైద్యుని చూడుడు. నేను చెప్పిన పరిశీలనలు పురుషులపై జరిగినవే కాని, గుండెజబ్బు స్త్రీలను విడువదు. కావున గృహిణులారా, ఈ నడక మీకును వర్తించును.

మోరిస్ 2009లో, తమ 99వ యేట, కన్నుమూసిరి. ఒక్కరి దీర్ఘాయువు రుజువు కాజాలదు. వేలమంది లెక్కలే రుజువు. మన సంఘము నాటకములాడించుచున్నది, కవిసమ్మేళనములు జరుపుచున్నది. వారమునకొక ఉదయము సభ్యులందఱు కుటుంబములతో కలిసి నడచు కార్యక్రమమును గూడ చేర్చవలెనని కార్యవర్గమునకు నా మనవి. దారిపొడుగున పద్యములు పాడుకొన్నను ఏ వైద్యుడును అభ్యంతరము చెప్పడు.